ప్రశ్న ఉత్పన్నం కాదు

మా ఊళ్ళో ఎవరినైనా "బాగుండావా అప్పా" అని పలకరించి చూడండి. "ఎందుకు అడుగుతాండావు?" అంటారు. అది పెడసరం కాదు, జాగ్రత్త. ఊరికే ఎవరూ ఏదీ అడగరని, అడిగినవాడి వెనక ఇంకెవడో ఉంటాడని ప్రొద్దుటూరులో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. నేను ఇక్కడే పుట్టి ఇక్కడే మెట్టినదాన్ని. బంగారు అంగళ్ళ వీధిలో చీరల అంగడి నడిపాను. చీర అంచు పట్టుకున్న తీరును బట్టి ఆ మనిషి కొనడానికి వచ్చిందో, పక్క అంగడి ధరతో పోల్చుకోవడానికి వచ్చిందో చెప్పేస్తాను. ఇంత తెలివి ఉండి కూడా ఆ అంగడి నిలబెట్టుకోలేకపోయాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఇప్పటికీ తేలలేదు. కాబట్టి అందరి మీదా ఉంది.

అంగడి గది నాది కాదు, ఫకీర్ సాహెబ్‌ది. ఆయన మనసు మంచిదే, మోకాళ్ళే మంచివి కావు. కడపలో కూతురి దగ్గరికి పోయి ఉంటానని, గది అమ్మేస్తానని ఒకరోజు వచ్చి చెప్పాడు.

"ముందు నిన్నే అడుగుతాండా బేటీ. ఇన్నేండ్లు నమ్మకంగా ఉండావు. నువ్వొద్దంటేనే ఇంకొకరికి."

ఆ ఇంకొకరు ఎవరో అడగాల్సిన పనిలేదు. పక్కనే నగల అంగడి భానుప్రకాష్. మా ఆయనకు వరసకు తమ్ముడు. నన్ను వదినా వదినా అని నోరారా పిలుస్తూనే, మధ్య గోడ పగలగొడితే తన షోరూము ఎంత పెద్దదవుతుందో కళ్ళతో కొలుచుకునే రకం.

గది కొనడానికి బ్యాంకు అప్పిస్తానంది. ఇల్లు హామీగా పెట్టమంది. ఈసీ తెమ్మంది. ఈసీ అంటే ఇంటి మీద ఏ అప్పులున్నాయో, ఏ తనఖాలున్నాయో రిజిస్ట్రారు ఆఫీసు ఇచ్చే కాగితం. తెచ్చుకుని అక్కడే విప్పి చూశాను. మా ఇల్లు ఇంకా కుదువలోనే ఉంది!

మా మామ ఎప్పుడో ఒక గృహనిర్మాణ సొసైటీలో అప్పు తీసుకుని కట్టిన ఇల్లది. అప్పంతా ఆయన బతికుండగానే తీర్చేశాడు. అప్పు తీరింది గానీ తనఖా తీరలేదు. విడుదల పత్రం మీద సంతకం పెట్టాల్సిన సొసైటీ ఈలోగా మూతపడింది. సంతకం పెట్టేవాడు లేడు, పెట్టమని అడగడానికి ఆఫీసు లేదు. ఆ సొసైటీ ఇళ్ళన్నిటిదీ ఇదే గతి. మా వీధి వీధంతా అవే ఇళ్ళు. జమ్మలమడుగులో ఒక వీధి, పులివెందులలో ఇంకో వీధి. ఇంటిపన్ను కూడా ఇప్పటికీ చచ్చిపోయిన సొసైటీ పేరు మీదే, పాతకాలం లెక్కలోనే వస్తోంది. అందుకే ఎవరూ కదల్లేదు. పేరు మార్చమని పోతే కొత్త లెక్క కడతారు, పాత తేడా కట్టమంటారు, పైన జరిమానా అంటారు. గుట్టుగా ఉంటే పోలా అనుకున్నారు.

కడపలో జిల్లా రిజిస్ట్రారు ఆఫీసు బెంచీ మీద నాకు కరుణమ్మ టీచరు కలిసింది. పులివెందుల ఆమెది. మిషన్ బళ్ళో పనిచేసి రిటైరైంది. ఆమె చేతిలోనూ అదే ఈసీ. ఇల్లమ్మి చర్చి దగ్గర చిన్న ఇల్లు కొనుక్కుందామంటే కొనేవాడు ఈసీ చూసి వెనక్కి పోయాడట. ఇద్దరం టీ తాగాం. ఆమె అద్దాలు తుడుచుకుని, "సంతకం పెట్టేవాడు లేడు కదమ్మా, ఇంగ చట్టమే ఏదో ఒగటి చెయ్యాల" అంది.

అలా ఇద్దరం కలిసి మా ఎమ్మెల్యే దగ్గరికి పోయాం. ఆయన మా మాట విన్నాడు. నిజంగానే విన్నాడు, నేను అనుమానపడ్డాను కూడా, ఎందుకింత శ్రద్ధగా వింటున్నాడని.

"అసెంబ్లీలో ప్రశ్న ఏస్తా" అన్నాడు. "మూడు భాగాలు. ఒగటి, మూతపడిన సొసైటీల తనఖాలో ఉండి ఇబ్బంది పడే ఇండ్లు ఈ మూడూళ్ళలో ఉండేది వాస్తవమా? రెండు, ఉంటే ఎన్ని? మూడు, తనఖా తీసేసి, పన్ను పేరు మార్చేదానికి చట్టం తెస్తారా? మంత్రి లేచి మొదటిదానికి 'అవునండి' అనాల. అది అనిపిస్తే తక్కినవి లాక్కుంటా. 'లేదండి' అన్న్యాడనుకో, తక్కిన రెండిటికీ 'ప్రశ్న ఉత్పన్నం కాదు' అని చదివి కూచుంటాడు."

"మంత్రికి మా ఇండ్ల సంగతి ఎట్ల తెలుస్తాది సార్?" అన్నాను.

"ఫైళ్ళుంటాయిలేమ్మా" అని ఆయన ఫోను ఎత్తుకున్నాడు.

ఫైళ్ళుంటాయి కదా అని నేనూ నిమ్మళించాను. అసెంబ్లీలో ఒక ప్రశ్న పుడితే అది రాజధాని నుంచి కలెక్టరుకు, కలెక్టరు నుంచి తాసిల్దారుకు దిగి, చివరికి వార్డు సచివాలయంలో ఒక పిల్ల ఉద్యోగి చేతిలో పడుతుందని, సాయంత్రంలోగా జవాబు పంపమని అతని ప్రాణం తీస్తారని, అతను ఆదరాబాదరా బండెక్కి ఇంటింటికీ వస్తాడని నాకెవరూ చెప్పలేదు.

ప్రశ్న సంగతి నాకు, మా ఆయనకు, కరుణమ్మకు, ఆమె భర్త దేవపాలుకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. మా వీధిలో ఒకరి చెవిన పడితే చాలు, సాయంత్రానికి భానుప్రకాష్ చెవిలో ఉంటుంది. "వాళ్ళ ఇల్లే కుదువలో ఉంది, నీకు దుడ్లు యాడనుంచి తెస్తారు" అని సాహెబ్‌కు ఊదేస్తాడు. అందుకే సాహెబ్‌తో కూడా "బ్యాంకు రూలు ఏదో మారుతుందంట, అసెంబ్లీ అయ్యేదాకా ఆగండి" అన్నానంతే. సరే బేటీ అన్నాడు.

జమ్మలమడుగులో మాత్రం భానుప్రకాష్ ఎవరో ఎవరికీ తెలియదు. అక్కడివాళ్ళ చేత ఎమ్మెల్యేకు ఒక అర్జీ పెట్టిస్తే బలంగా ఉంటుందని కరుణమ్మ అంది. ఆమె పులివెందుల నుంచి, నేను ఇక్కడి నుంచి బస్సుల్లో పోయి కలుసుకున్నాం. ఆ వీధిలో తిరిగిన తిరుగుడు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు ఏడుపొచ్చింది.

ఒక ఇంట్లో "మిమ్మల్ని ఎవరు పంపినారు?" అన్నారు. ఇంకో ఇంట్లో "దీంట్లో మీకేంది లాభం?" అన్నారు. ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని, కరుణమ్మ చెప్పిందంతా తలాడిస్తూ విని, "అంతా బాగుంది. మీది ఏ పార్టీ?" అన్నాడు.

"నేను టీచర్నప్పా."

"టీచరేలే. ఏ పార్టీ?"

ఆయన భార్య లోపలి నుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మజ్జిగ ఇచ్చారు, సంతకం మాత్రం ఇవ్వలేదు. అందరిదీ అదే వరస. ఎవరూ కాదనలేదు, "చూద్దాంలే" అన్నారు. కాగితం ఎంత తెల్లగా తీసుకుపోయామో అంత తెల్లగా తెచ్చుకున్నాం.

కాళ్ళు పీకుతుండగా ఇల్లు చేరేసరికి మా ఆయన వాకిట్లోనే ఎదురొచ్చాడు. ఆయన పేరు రామకృష్ణయ్య. తాళం వేసి, దాన్ని పట్టుకుని వేలాడి చూసి, వీధి చివరిదాకా పోయి మళ్ళీ వచ్చి చూసే మనిషి. ఆ పూట మొహం వెలిగిపోతోంది.

"ఈ పొద్దు ఒగడు బండి మీద వచ్చినాడు. ఇంటి మీద తనఖా ఏమన్నా ఉందా, ఏమన్నా ఇబ్బంది ఉందా అని అడిగినాడు. భానుప్రకాష్ పంపిన మనిషి."

"మీకెట్ల తెలుసు?"

"ముందు వాని అంగడి మెట్ల మీద నిలబడి మాట్లాడి, వాడు చెయ్యి చూపిస్తే మన ఇంటికి వచ్చినాడు. అన్నానికని మన అంగడి మూస్తా నా కండ్లతో చూసినా. గవర్నమెంటోణ్ణి అన్న్యాడు. గవర్నమెంటోడైతే జీపుండాల, కాగితముండాల, సీలుండాల. వీని దగ్గర ఏముంది? ఒగ ఫోను!"

"మీరేం చెప్పినారు?"

"ఏముంది చెప్పేదానికి? మా ఇల్లు కడిగిన ముత్యం, తనఖా లేదు, ఇబ్బందీ లేదు అని చెప్పి పంపించినా. ఫోను మీద వేలితో సంతకం గీకమన్న్యాడు, గీకినా. వాడు పోయి భానుప్రకాష్‌కు చూపించుకోనీ."

నాకు ఎంత సంతోషమైందో. ఇన్నాళ్ళకు ఈయన అనుమానం ఒక పనికొచ్చిందనుకున్నాను. "శానా మంచి పని చేసినారు" అన్నాను. కాళ్ళనొప్పి మరిచిపోయి, ఆయనకు ఇష్టమని అలసంద వడలు వేసి పెట్టాను.

ఆ రోజే మా వీధిలో ప్రతి వాకిట్లోనూ ఆ బండి ఆగిందని నాకు తెలియదు. ప్రతివాళ్ళూ ఏదో చెప్పి పంపారు, చెప్పింది ఇంకొకరికి తెలియకూడదని నోరు మూసుకున్నారు.

ప్రశ్న వచ్చే రోజు పొద్దున్నే అంగడి తెరిచి, దేవుడికి అగరొత్తి వెలిగించి, టీవీ పెట్టాను. ఇక దాచాల్సిన పనిలేదనుకున్నాను. మంత్రి "అవునండి" అన్నాక భానుప్రకాష్ ఏం ఊదితే మాత్రం ఏమవుతుంది? పొద్దున వీధిలో వాళ్ళను పిలిచేటప్పుడే చెప్పాను, మన సొసైటీ ఇళ్ళ సంగతి అసెంబ్లీలో వస్తోందని. వాళ్ళ మొహాలు ఒక రకంగా అయిపోయాయి. సంతోషం అనుకున్నాను.

మా ఎదురింటి షాహీదాబీ, ఇంకో నలుగురైదుగురు వచ్చి పరుపు మీద కూర్చున్నారు. ఫకీర్ సాహెబ్‌కు కుర్చీ వేశాను. భానుప్రకాష్‌ను పిలవలేదు, అతనే వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. మా ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు.

మా ప్రశ్న వచ్చింది. రెవెన్యూ మంత్రి లేచాడు. తెల్ల చొక్కా, మెడలో కండువా, మాట మెత్తన. కళ్ళద్దాలు సర్దుకుని కాగితం చదివాడు.

"అధ్యక్షా! (ఎ) లేదండి. (బి), (సి) ప్రశ్న ఉత్పన్నం కాదు."

కూర్చున్నాడు. అంతే. మంచినీళ్ళు తాగినంత సేపు కూడా పట్టలేదు.

మా ఎమ్మెల్యే లేచాడు. "అధ్యక్షా, మంత్రిగారు ఎవరిని అడిగి ఈ జవాబు చెప్తున్నారు? ఈ ఇళ్ళ ఈసీలు రిజిస్ట్రారు ఆఫీసులోనే ఉన్నాయి కదా? పన్ను ఇప్పటికీ లేని సొసైటీ పేరు మీద వస్తోంది కదా?"

మంత్రికి కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది. చిరునవ్వు నవ్వాడు.

"అధ్యక్షా, గౌరవ సభ్యులు మంచి ప్రశ్న అడిగారు. ఈసీలో ఉన్నవి పాత నమోదులు. వాటివల్ల ఇప్పుడు ఇబ్బంది ఉందో లేదో చెప్పాల్సింది యజమానులే. అందుకే ఫైళ్ళ మీద ఆధారపడకుండా మూడు పట్టణాల్లోనూ ఇంటింటికీ మనిషిని పంపించాం. ఒక్కరంటే ఒక్కరు తనఖా ఉందని చెప్పలేదు. పన్ను మీద ఒక్క ఫిర్యాదు లేదు. చట్టం గురించి అడిగారు. ఇబ్బంది ఉన్నవాళ్ళ కోసం చట్టం చేయడానికి ఈ ప్రభుత్వం ఎప్పుడూ సిద్ధమే. ఇబ్బంది లేదంటున్నవాళ్ళ మీద చట్టం రుద్దమంటారా?"

బల్లలు చరిచారు. ఇంటింటికీ మనిషిని పంపడమేమిటి? ఎప్పుడు వచ్చాడు?

మా ఎమ్మెల్యే ఒక కాగితం పైకెత్తాడు. "అధ్యక్షా, ఇదిగో ఈసీ. ప్రొద్దుటూరు వసుంధరమ్మగారి ఇల్లు. అప్పు తీరింది, తనఖా తీరలేదు. బ్యాంకు అప్పివ్వడం లేదు. ఆమె అంగడి పోయేట్టుంది. ఇది ఇబ్బంది కాదా?"

నా పేరు అసెంబ్లీలో వినబడగానే షాహీదాబీ నా చెయ్యి పట్టుకుంది. మంత్రి వెనక్కి తిరిగి అధికారుల వైపు చూశాడు. ఒక చీటీ చేతులు మారి ఆయన దగ్గరికి వచ్చింది. చదువుకుని, ఇంకా మెత్తగా మొదలుపెట్టాడు.

"అధ్యక్షా, ఆ ఇంటి యజమాని రామకృష్ణయ్యగారు. వారు ఇచ్చిన వాంగ్మూలం, వారి సంతకంతో నా దగ్గరుంది. తనఖా లేదు, ఇబ్బందీ లేదు అన్నారు. 'మా ఇల్లు కడిగిన ముత్యం' అని కూడా అన్నారట, మా సిబ్బంది ఉన్నదున్నట్టు రాశారు."

సభంతా ఘొల్లుమంది. అధ్యక్షుడు కూడా నవ్వాడు. తర్వాతి ప్రశ్న ఏదో చేపల చెరువుల గురించి.

అంగట్లో ఎవరూ నవ్వలేదు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నారు. నేను ఒక్కొక్కరి మొహం చూస్తూ పోయాను. చూసినవాళ్ళు చూసినట్టు తలకాయ తిప్పుకున్నారు. షాహీదాబీ నా చెయ్యి వదిలేసింది.

నోరు తెరిచింది ఫకీర్ సాహెబ్ ఒక్కడే. పాపం, ఆయనకు నిజంగానే సంతోషంగా ఉంది. "ఇంగేంది బేటీ! నీ ఇంటి మీద ఏ కుదువా లేదని మంత్రే చెప్పినాడు గదా, అసెంబ్లీలో! బ్యాంకుకు పో, లోను తెచ్చుకో."

"అవును వదినా" అన్నాడు భానుప్రకాష్ గుమ్మం దగ్గర నుంచి. "ఇంతకంటే పెద్ద ఈసీ యాడుంది?" అని నవ్వుతూ తన అంగట్లోకి పోయాడు. ఆ నవ్వులో అతనికి అంతా అర్థమైందని నాకు అర్థమైంది.

అందరూ లేచిపోయాక మా ఆయన గల్లాపెట్టె దగ్గరే తల వంచుకుని ఉండిపోయాడు. "నీ అంగడి కోసమే చెప్పినానే" అన్నాడు. "వాడు భానుప్రకాష్ మనిషి అనుకుంటి. మన వీధి అడ్రసు అడిగేదానికి ఆడ నిలబడినాడని నాకేం తెలుసు?"

తిడదామని నోరు తెరిచాను. వడలు గుర్తొచ్చాయి. శానా మంచి పని చేసినారు అన్న నా మాట గుర్తొచ్చింది. టీవీ ఆపి, విప్పిన చీరలు మడతపెట్టుకుంటూ కూర్చున్నాను.

కాసేపటికి కరుణమ్మ ఫోను చేసింది. కోపంగా ఉంది. మేము జమ్మలమడుగులో మజ్జిగ తాగుతున్న సమయానికే పులివెందులలో వాళ్ళాయన దేవపాలు కూడా లేదనే చెప్పాడట. వచ్చినవాళ్ళు ఇంటిపన్ను పెంచడానికి వచ్చారని ఎదురింటివాళ్ళు అన్నారట.

"ముప్పై ఏండ్లు పిల్లోళ్ళకు అబద్ధం చెప్పొద్దని పాఠం చెప్తి కదమ్మా" అంది. "మా ఇంట్లోనే ఒగరికి ఎక్కలేదు."

మా ఎమ్మెల్యే సాయంత్రం ఫోనులో అరిచాడు. అరిచి, చల్లబడి, ఒక దారి చెప్పాడు. మంత్రి చెప్పిన జవాబు తప్పని తేలితే సభలోనే దిద్దుకోవచ్చు. సమావేశాలు ముగిసేలోగా యజమానులు మళ్ళీ ఉన్నదున్నట్టు చెప్పాలి. "అదే మనిషిని మళ్ళీ పంపిస్తారు. ఈసారన్నా నిజం చెప్పండి తల్లీ" అన్నాడు.

నేను ఇల్లిల్లూ తిరిగాను. ఇక దాపరికం పెట్టుకోలేదు. నా అంగడి సంగతి, బ్యాంకు సంగతి, అన్నీ చెప్పాను. చట్టం వస్తే మీ ఇల్లు మీదవుతుంది, మీ బిడ్డలకు రాసివ్వచ్చు, అమ్ముకోవచ్చు, అప్పు తెచ్చుకోవచ్చు అన్నాను. ఎవరూ కాదనలేదు.

"పక్కింటోళ్ళు ఏమన్నారు?" అని అడిగింది షాహీదాబీ.

"చెప్తామన్నారు."

"మీరు?"

"మేం చెప్తాండాం."

"అట్లయితే మేమూ చెప్తాం" అంది. వీధంతా అదే మాట. అందరూ ఒకే మాట అంటే నమ్మకూడదని ఇరవై ఏళ్ళ బేరాలు నాకు నేర్పాయి. అయినా నమ్మాను, అవసరం అలాంటిది.

మరునాడు ఆ మనిషి వచ్చాడు. ప్రవీణ్ అతని పేరు, సింహాద్రిపురం దగ్గర పల్లె. ఎండకు మొహం కమిలిపోయి ఉంది. అతని మీద పైవాళ్ళు ఎంత ఎగిరారో మొహం చూస్తేనే తెలుస్తోంది. వీధిలోకి పోకముందు మా అంగడి ముందే బండి ఆపాడు. పక్క అంగట్లో భానుప్రకాష్ త్రాసు ముందు కూర్చుని ఉన్నాడు. ఫకీర్ సాహెబ్ మా మెట్ల మీదే కూర్చుని టీ తాగుతున్నాడు. ఇక్కడ కాదు, ఇంటి దగ్గర చెప్పండని మా ఆయనకు కళ్ళతో సైగ చేశాను. సాహెబ్ ముందు చెప్తే గది అక్కడికక్కడే పోతుంది.

ఆయన నా సైగ చూశాడు. చూసి, చెప్పులేసుకుని రోడ్డు మీదికి దిగాడు.

"సార్, మీ ఇంటి మీద తనఖా ఉందా?" అన్నాడు ప్రవీణ్ ఫోను తెరిచి.

"ఉంది!" అన్నాడు మా ఆయన. ఆయన గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. "మా ఇల్లు కుదువలో ఉంది. మా నాయన అప్పు తీర్చినాడు, కుదువ తీరలా. మొన్న నేను చెప్పింది అబద్ధం. రాసుకో."

"మరి అప్పుడెందుకు లేదన్న్యావు పెద్దాయనా? నా ఉద్యోగానికొచ్చింది."

"అప్పుడు నిన్ను నమ్మలేదు."

"ఇప్పుడు నమ్మినావా?"

"లేదు" అన్నాడు మా ఆయన. "ఇంగ మా ఇంటామెకు నా మొగం చూపియ్యాల కదప్పా, అందుకు చెప్తాండా."

పెళ్ళై ఇన్నేళ్ళలో ఆయన నా కోసం నలుగురిలో గొంతెత్తింది అదే మొదలు. గడప లోపల నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. సాహెబ్ టీ గ్లాసు కింద పెట్టి నా వైపు చూశాడు. భానుప్రకాష్ త్రాసు పక్కకు జరిపి లేచి నిలబడ్డాడు.

ప్రవీణ్ తర్వాత మా వీధిలోకి పోయాడు. అతను ఏ ఇంటికి పోతే ఆ ఇంటివాళ్ళు లోపలికి పిలిచి తలుపు వేసుకున్నారు. బయటికి వచ్చేటప్పుడు అతని మొహంలో ఏమీ తెలియలేదు. షాహీదాబీ కిటికీలోంచి నాకు తలాడించింది. నేనూ తలాడించాను.

సమావేశాల ఆఖరి రోజు మంత్రి మళ్ళీ లేచాడు. అంగట్లో నేను, మా ఆయన తప్ప ఎవరూ లేరు. ఈసారి ఎవరినీ పిలవలేదు.

"అధ్యక్షా, గతంలో నేను ఇచ్చిన సమాధానాన్ని సవరిస్తున్నాను. (ఎ) అవునండి."

మా ఆయన నా భుజం పట్టుకున్నాడు. అవునండి! ఎమ్మెల్యే చెప్పిన మాట అదే కదా.

"(బి) రెండు ఇళ్ళు. ప్రొద్దుటూరులో ఒకటి, పులివెందులలో ఒకటి. జమ్మలమడుగులో లేవండి. (సి) రెండు ఇళ్ళ కోసం ప్రత్యేకంగా చట్టం తెచ్చే ప్రతిపాదన ఏదీ ప్రభుత్వ పరిశీలనలో లేదండి."

మెత్తగా చదివి, కాగితం మడిచి, కూర్చున్నాడు. ఆయన్ని తిట్టడానికి నాకు ఒక్క తప్పు కూడా దొరకలేదు. మా వీధి చెప్పిందే చెప్పాడు.

రెండో ఇల్లు కరుణమ్మది. దేవపాలును చెయ్యి పట్టుకుని సచివాలయానికి తీసుకుపోయి చెప్పించిందట.

ఫకీర్ సాహెబ్ ఆ వారంలోనే భానుప్రకాష్ దగ్గర బయానా తీసుకున్నాడు. నా దగ్గరికి వచ్చి, "ముందే చెప్పింటే ఇంగ కొన్నాళ్ళు ఆగింటి బేటీ. నాతో కూడా దాచిపెడితివే" అన్నాడు.

చీరలన్నీ మూటలు కట్టి ఇంటి ముందు గదిలో పేర్చుకున్నాం. ఆ సాయంత్రం షాహీదాబీ వాకిట్లోకి వచ్చింది. మూటల వైపు చూసింది.

"వసుంధరమ్మా, అయితే మీరు నిజంగానే చెప్పినారా?" అంది. ఆమె గొంతులో నిజమైన ఆశ్చర్యం ఉంది. "మా చేత చెప్పిచ్చి, మీరు తప్పిచ్చుకుంటారు అనుకుంటిమే. వీధంతా అట్లే అనుకున్న్యారు."

నాకు అరవాలనిపించింది. అరిచినా ఏం లాభం? మూట మీద నుంచి లేచి, కొంగు దులుపుకుని, "లోపలికి రా షాహీదా, టీ తాగి పోదువు" అన్నాను.

ఆమె గడప అవతలే ఆగిపోయింది.

"ఎందుకు పిలుస్తాండావు?" అంది.